పైది, లోది: ఒక ఇత్తడి పట్టీ వెంట కనిగిరి దాకా

కనిగిరి ఎందుకండీ అని మా ఆఫీసులో నలుగురూ నన్ను ఆటపట్టించారు. వెళ్ళి వచ్చాను కాబట్టి ఇప్పుడు ధీమాగా చెబుతున్నాను, మీరూ వెళ్ళండి. నేను మాత్రం కోపంతో వెళ్ళాను.

విశాఖపట్నంలో, సరుకు తెప్పించుకునేవాళ్ళ తరఫున కస్టమ్స్ పని చూసే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా నా ఉద్యోగం సరుకులకి పేర్లు పెట్టడం. విదేశం నుంచి వచ్చే ప్రతి వస్తువుకీ కస్టమ్స్ వాళ్ళ పుస్తకంలో ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరును బట్టే సుంకం. ఏ సరుకుకి ఏ నంబరో చెప్పి, ఎందుకో నాలుగు ముక్కలు రాసివ్వడం నా పని. సుభద్ర గారు చెబితే ఇక తిరుగు లేదని ఆఫీసులో అంటారు, నేనూ నమ్ముతాను. ఆ పొగరు ఈ ప్రయాణంలో కాస్త దిగింది.

ఈ ఫిబ్రవరిలో నా బల్ల మీదికి వచ్చిన ఫైలు కనిగిరిలో కవరింగ్ నగలు చేసే బ్రహ్మానందాచారి గారిది. ఆయన మొదటిసారి సొంతంగా విదేశం నుంచి ఒక పట్టీ చుట్ట తెప్పించుకున్నారు. కాగితాల్లో 'ఇత్తడి పట్టీ' అని ఉంది. ల్యాబులో చూస్తే ఇత్తడి మీద బంగారం రేకు అతికి ఉంది. పార్సిలు గోడౌనులో ఆగిపోయింది.

ఈ నంబర్ల గొడవ ఒక్కసారి చెప్పేసి వదిలేస్తాను. ఉత్త ఇత్తడికి ఆ పుస్తకంలో ఒక గది, అంటే ఒక నంబరు, బంగారానికి ఒక గది. ఇత్తడికి బంగారపు నీళ్ళతో పల్చగా పూత పెడితే అది ఇత్తడి గదిలోనే ఉంటుంది. కానీ బంగారం రేకును ఇత్తడి మీద పెట్టి, వేడి చేసి, రోలర్ల కింద నొక్కి అతికిస్తే దానికి ఏడు వేల నూట తొమ్మిది అని సొంత గది ఉంది. అదీ ఇంకా నగ కాకుండా పట్టీగానో తీగగానో ఉన్నంతవరకే. ఆచారి గారి చుట్ట ఆ గదిదని చూడగానే తెలిసింది.

తెలియక తప్పు గది రాస్తే సరిదిద్దుకోవచ్చు. తెలిసి రాస్తే అది దాచడం. ఆ ఫైలులో ఆచారి గారు సరఫరాదారుకి పంపిన మెయిలు ఉంది: 'దయచేసి కాగితాల మీద బంగారం అనే మాట ఎక్కడా రాయవద్దు.' అది చదివి ఫైలు మూసేశాను. ఇంకేం మిగిలింది, తన చేత్తో తనే రాసిచ్చాడు కదా అనుకున్నాను. ఈ మెయిలు చూపించే కస్టమ్స్ వాళ్ళు నోటీసు ఇచ్చారు. దాచాడని తేలితే చుట్ట పోతుంది, మళ్ళీ తెప్పించుకునే దారి మూసుకుపోతుంది, కొట్టు ఆగిపోతుంది. పైగా 'బంగారం దాచినవాడు' అన్న పేరు.

విచారణ నాలుగు రోజుల్లో ఉంది, ఫోనులో వీడియో మీద. నేను ఆయనకి ఫోను చేసి, ఆ మెయిలు ఎందుకు రాశారండీ అని గట్టిగానే అడిగాను.

"అది అది కాదు కదమ్మా" అన్నారాయన, అంతే.

"ఏది ఏది కాదు?"

"ఫోనులో చెప్పేది కాదమ్మా. మా సరుకు సంగతి నన్ను అడిగేకంటే వాడేవాళ్ళని అడగండి. పొన్నూరులో కోటేశ్వరమ్మ గారని ఉన్నారు, మా కనిగిరి ఆడపడుచే. ఆమెని చూసి మా ఇంటికి రండి."

నాకు ఒళ్ళు మండింది. అబద్ధమాడే మనిషి ముఖం చూస్తే తెలిసిపోతుందని నా నమ్మకం. చూసి, నాలుగు దులిపి వద్దామని బయల్దేరాను. ప్రయాణం కదా అని నా అసలు గొలుసు బీరువాలో పెట్టి కవరింగ్ గొలుసు వేసుకున్నాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

గుంటూరు: పదిహేడు తుమ్ములు

"మాస్కు తెచ్చుకున్నారా మేడమ్?" అని అడిగాడు ఆటో డ్రైవరు, మిర్చి యార్డు చూడాలన్నాను కదా అని.

"కరోనా ఎప్పుడో అయిపోయిందయ్యా" అన్నాను.

అతను అద్దంలో నా వంక చూసి నవ్వాడు. ఆ నవ్వు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. యార్డు గేటు ఇంకా కనిపించకముందే మొదలయ్యాయి తుమ్ములు. పదిహేడు లెక్కపెట్టి ఆపేశాను. లోపల హమాలీలు భుజాల మీద టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోసుకుంటూ కబుర్లు చెప్పుకుంటూ పోతున్నారు, ఒక్కడూ ముక్కు కూడా చీదడు. "పాపం, కొత్తావిడ" అని ఒకాయన జాలిపడి మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

ఆయన పేరు సాంబయ్య, ప్రత్తిపాడు వైపు రైతు. ఎర్రటి బస్తాల పక్కన వేరుగా కొన్ని బస్తాలు పెట్టుకున్నాడు. వాటిలో కాయ పాలిపోయి తెల్లమచ్చలతో ఉంది.

"ఇది తాలు. మంచికాయలో నుంచి ఇంటిదీ కూలోళ్ళూ కూర్చుని ఏరారు" అన్నాడు.

"ఇంత కష్టం ఎందుకు, కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ ఊరమ్మా మీది?"

"విశాఖపట్నం."

"అదీ సంగతి" అని బస్తా మూతి కట్టుకున్నాడు.

నాకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. సరుకును రకాలుగా విడదీసి దేని పేరు దానికి పెట్టడం నా ఒక్కదాని విద్య అనుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపాను. ఇక్కడ కళ్ళంలో గొంతుక్కూర్చుని ఆడవాళ్ళు ఆ పనే చేస్తున్నారు, నెల జీతం లేకుండా, ఆఫీసు కుర్చీ లేకుండా.

టిఫిను దగ్గర ఇంకో దెబ్బ. నలభై రూపాయల ఇడ్లీ, మీద నెయ్యి, పక్కన కారప్పొడి. మా వైపు పులుసులో కూడా బెల్లం ముక్క వేస్తాం. ఇక్కడ బెల్లం అడిగితే సర్వరు వెనక్కి తిరిగి వంటాయనకి చెప్పాడు, వంటాయన తొంగి చూసి నవ్వాడు. కళ్ళలో నీళ్ళు కారుతుండగా ఇంకో ప్లేటు తెప్పించుకున్నాను. అంత బాగుంది మరి.

పెదకాకాని: వన్ గ్రామ్

సాయంత్రం పెదకాకాని వెళ్ళాను. గుడి ముందు కొత్త బళ్ళ వరస. పూలదండ వేసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తున్నారు. పంట డబ్బుతో కొన్న ట్రాక్టరు ముందు ఒక కుటుంబం మొత్తం ఫోటో దిగుతోంది. ముసలావిడ ట్రాక్టరు ముట్టె మీద చెయ్యి వేసి దూడను నిమిరినట్టు నిమురుతోంది.

గుడి వీధిలో గొలుసుల దుకాణం ముందు ఆగాను. పని మీద వచ్చినదాన్ని కదా, చూడకుండా ఎలా?

"వన్ గ్రామ్ గోల్డ్ అక్కా! రెండు వందల యాభై. ఆరు నెలలు గ్యారంటీ" అంది దుకాణం అమ్మాయి.

"ఇందులో ఒక గ్రాము బంగారం ఉందా?"

"పేరు అక్కా అది."

"పేరు సరే, ఉందా లేదా?"

"అక్కా, కొంటారా, నాకు పరీక్ష పెడతారా?" అంది నడుము మీద చెయ్యి వేసుకుని. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఆ అమ్మాయి చూపు నా మెడ మీదికి వెళ్ళింది. ఎందుకో చటుక్కున కొంగు లాక్కుని గొలుసు కప్పుకున్నాను.

ఒక విషయం మనసులో వేసుకున్నాను. లేని బంగారాన్ని ఉందని చెప్పడం ఈ వ్యాపారంలో మామూలు. ఉన్న బంగారాన్ని పేరెత్తకుండా అమ్మేవాణ్ణి నేనింకా చూడలేదు. అంటే ఆచారి సుంకం ఎగ్గొట్టడానికే అలా రాశాడని మరింత గట్టిగా అనుకున్నాను.

పొన్నూరు: అడుగున రాత

గుంటూరు నుంచి పొన్నూరు దారిలో రంగు మారిపోతుంది. ఎరుపు వెనకబడి, కాలవలూ వరి మళ్ళూ వచ్చేస్తాయి. బస్సులో వాసన కూడా మారింది, కారం పోయి తడిమట్టి. కోటేశ్వరమ్మ గారిది బియ్యం కొట్టు. డెబ్భై దాటిన మనిషి, బస్తాల మధ్య కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళ అరచేతిలో బియ్యం పోసి రకం చెబుతున్నారు.

"కస్టమ్సా? మా ఆచారిని పట్టుకోవడానికొచ్చావా?" అని, నేను వచ్చిన పని చెప్పగానే కొట్టు అదిరేలా అరిచారు.

"లేదండి, విడిపించడానికే" అన్నాను. అప్పటికి అది సగమే నిజం.

"అట్టయితే ముందు అన్నం తిను."

దోసకాయ పప్పు, వంకాయ కొత్తిమీర కారం, గడ్డపెరుగు. అన్నం పొడిపొడిగా, మల్లెపూలలా ఉంది. వద్దంటున్నా వడ్డిస్తూనే, నా మెడ వంక చూసి అడిగారు.

"బాగుందే గొలుసు. ఎన్ని కాసులమ్మా?"

మీతో దాచను. కవరింగని చెప్పడానికి నోరు రాలేదు. ఇంత పెద్దావిడ, ఇంత మర్యాద, నేనేమో ఆఫీసు నుంచి వచ్చినదాన్ని. "మూడు" అన్నాను.

"మూడా" అన్నారు, పెరుగు వేశారు.

భోజనం అయ్యాక తన చేతుల గాజులు చూపించారు. "ఇవి కనిగిరివే. నా పెళ్ళికి ఆచారి తాత చేశాడు. మధ్యలో ఆచారి నాన్న ఒకసారి పైది పట్టించాడు, ఆచారి ఒకసారి. అంతే, ఇంతవరకూ నల్లబడలేదు."

"పైది అంటే?"

"మా ఊళ్ళో అట్టాగే అంటారు. పైన ఉన్నది పైది. లోపల ఉన్నది లోది. ఆ కొట్లో ఇంకో పేరు పలకరు. పలికితే సరుకు చెయ్యరు."

లోపలికి వెళ్ళి మూడు డబ్బాలు తెచ్చారు. ఒకటి తగరపు డబ్బీ, తుప్పు పట్టింది, అందులో సూదులు. ఒకటి చెక్కది, లవంగాలు. ఒకటి ప్లాస్టిక్‌ది, రబ్బరు బ్యాండ్లు. సామాను బల్ల మీద గుమ్మరించి మూడిటినీ బోర్లించారు.

తగరం మీద మేకుతో గీకిన అక్షరాలు. చెక్క మీద సిరా. ప్లాస్టిక్ మీద అంటించిన కాగితం. మూడు చేతిరాతలు, మూడిటి మీదా ఒకటే మాట: 'ఇది బంగారం కాదు.'

"తాతది, నాన్నది, వాడిది" అన్నారు కోటేశ్వరమ్మ గారు. "ఏ వస్తువు కొన్నా డబ్బా అడుగున ఇది రాసే ఇస్తారు. కొట్లో రాయరు, బయట అరుగు మీద కూర్చుని రాస్తారు. లోపల ఆ మాట రాయకూడదంట."

ఆ మెయిలు ఎందుకు రాశాడో అప్పుడు వెలిగింది. కొనేవాళ్ళని మోసం చెయ్యకూడదని మూడు తరాలుగా మూసుకున్న నోరు, కస్టమ్స్ కాగితం ముందు కూడా మూసుకునే ఉంది. ఆయన్ని దొంగ అనుకున్నందుకు నిజంగా సిగ్గేసింది.

"ఈ డబ్బాలు రెండు రోజులు ఇస్తారా అమ్మా? ఎల్లుండి నేనే తెచ్చిస్తాను."

"పోగొట్టావో, విశాఖపట్నం వచ్చి మరీ తంతాను" అన్నారు. ముద్దుగానే అన్నారు, కానీ తంతారనే అనిపించింది.

పొదిలి దాటాక

ఒంగోలులో పడుకుని పొద్దున్నే కనిగిరి బస్సెక్కాను. డబ్బాల సంచి ఒళ్ళో పెట్టుకున్నాను, టిక్కెట్టు తీయడానికి కూడా కిందపెట్టలేదు. పక్కసీటులో మేరీ సుగుణ అనే రిటైరైన టీచరు. పొదిలి వైపు చర్చి బడిలో పాతికేళ్ళు లెక్కలు చెప్పారట.

"మీ సంచిలో పసిపిల్లేమైనా ఉందా?" అని నవ్వారు. చూపించాను. అడుగున రాత చూడగానే ఆవిడ మెడలోని సిలువ గొలుసు పట్టుకుని, "మా పెళ్ళిళ్ళప్పుడు చర్చిలో మూడొంతుల మంది ఆచారి గారి నాన్న చేసినవే వేసుకునేవాళ్ళం. మావాళ్ళంతా కూలికెళ్ళేవాళ్ళే కదండి, ఇంకేం కొంటాం? కానీ మమ్మల్నెవరూ మోసం చెయ్యలేదు" అన్నారు. ఆ మాట మామూలుగానే అన్నారు. నేను డబ్బాలు మళ్ళీ ఒక్కొక్కటే సంచిలో సర్దుకున్నాను.

కిటికీ బయట నేల ఎర్రబడి, రాళ్ళు తేలి, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మట్టిగోడలు కనిపిస్తున్నాయి. అక్కడక్కడ కంది, అక్కడక్కడ ఏరడం అయిపోయిన పత్తి. డెల్టాలో నీళ్ళు చూసి వచ్చిన కళ్ళకి ఈ బీడు చూస్తే బెంగగా ఉంటుంది. ఇంత తక్కువ నీళ్ళతో ఇన్ని పండిస్తున్నారే అని ఆ వెంటనే గౌరవమూ కలుగుతుంది.

సుగుణ గారు దిగేటప్పుడు లేచి దారి ఇస్తుంటే నా గొలుసు కిటికీ కడ్డీకి తగులుకుని కొక్కెం తెగింది. "అయ్యో, బంగారం!" అన్నారావిడ. నేను గభాలున సంచిలో వేసుకుని "పర్లేదండి" అన్నాను. అదీ అబద్ధమే, నోరు విప్పకుండా ఆడినది.

కనిగిరి: గుమ్మం మీది గాజులు

కొండ మీద పాతకోట, కింద ఊరు. ఊరికంటే ముందు మనకి ఎదురయ్యేవి నీళ్ళ క్యాన్ల ఆటోలు. ఇక్కడి బోరు నీళ్ళు ఎముకలకి మంచివి కావని ప్రతి ఇంట్లో క్యానే. ఇంటికి వచ్చినవాళ్ళకి ఆ నీళ్ళే ముందు పెద్ద గ్లాసుతో ఇస్తారు. మా ఊళ్ళో కాఫీ ఇచ్చినా ఇంత సంబరంగా ఇవ్వం.

బ్రహ్మానందాచారి గారికి అరవై ఉంటాయి. సన్నటి మనిషి, చేతి వేళ్ళు మాత్రం గట్టివి. కొట్టంటే ఇంటి ముందుగది. కుంపటి, ఊదుగొట్టం, చిన్న రోలరు మిషను, తీగ లాగే చిల్లుల ఇనుపపలక. భార్య రమణమ్మ గారు పూసలు గుచ్చుతూ కూర్చున్నారు. గుమ్మం పైన మేకుకి ఒక జత గాజులు వేలాడుతున్నాయి, అరిగి, రాగిరంగు తేలి.

"నాలుగు దులుపుదామని వచ్చానండి. ఇప్పుడు దులపలేను" అని డబ్బాలు ముందు పెట్టాను.

ఆయన తాత చేతిరాత ఉన్న తగరపు డబ్బీని రెండు చేతులతో తీసుకున్నారు. "ఇది ఇంకా ఉందా" అన్నారు. మేకు గీతల మీద బొటనవేలు నడిపారు.

"ఆ పట్టీ సొంతంగా ఎందుకు తెప్పించారు?"

"ఇన్నాళ్ళూ పట్నంలో ఒక వ్యాపారి దగ్గర కొనేవాళ్ళం. ఆయన దుకాణం ఎత్తేశాడు. నీళ్ళలో ముంచి తీసే పని చెయ్యమంటారు అందరూ. అది ఆరు నెలలకి పోతుంది. మా తాత చేసినట్టు రేకు పెట్టి కాల్చి నొక్కినదైతేనే పాతికేళ్ళు ఉండేది. నాకిప్పుడు చెయ్యి వణుకుతోందమ్మా, ఆ రేకు అంతటా ఒకేలా పరచలేను. మిషను మీద చేసిన పట్టీ వస్తే పని నిలబడుతుందని."

"మరి ఆ గాజులు?" అన్నాను పైకి చూపిస్తూ.

ఆయన చెప్పారు. వాళ్ళ తాత కాలంలో పొదిలి వైపు నుంచి ఒక కూలితల్లి వచ్చి గాజులు కొన్నదట. కొట్లో కూర్చున్న చిన్నతాత వేళాకోళానికి 'ఆ మాట' అన్నాడు, ఇది అదేనమ్మా తీసుకో అని. ఆవిడ నమ్మింది. కొడుక్కి జబ్బు చేస్తే గాజులు పట్టుకుని ఒంగోలు పోయింది తాకట్టుకి. అక్కడ ఎగతాళి చేసి పంపారు. వెనక్కి వచ్చి తిట్టలేదు, ఏడవలేదు, గాజులు ఈ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. తాత ఆ రాత్రే పరుగెత్తుకెళ్ళి ఆ పిల్లాణ్ణి బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పిల్లాడు బతికాడు. ఆ గాజులు మాత్రం మేకుకి ఎక్కాయి, ఆ మాట గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అరుగు మీద కూర్చుని ఆ మెయిలు రాసేటప్పుడు కూడా అదే మనసులో ఉందమ్మా. పార్సిలు ఈ గుమ్మంలోకే కదా వచ్చేది, దాని మీద ఆ మాట ఉంటే ఎట్టా అనుకున్నా. ఇంత అవుద్దని తెలియదు."

రమణమ్మ గారు తలెత్తకుండానే అన్నారు. "మూడు వారాలుగా అన్నం సయించట్లేదమ్మా ఈయనకి. చుట్ట పోతే పోనీ. దాచాడంటారేమోనని."

ఆ పూట జొన్నరొట్టె, కందిపచ్చడి పెట్టారు. తింటూ మాటల్లో నా గొలుసు కొక్కెం తెగిందని అన్నాను. ఆయన తీసుకుని, ఊదుగొట్టంతో రెండు నిమిషాల్లో అతికేశారు. తెగిన చోట కాసేపు చూసి, "ఎవరు చేశారో గాని పైది మరీ పల్చగా పట్టించారమ్మా" అన్నారు. ఎంతివ్వమంటారంటే, "ఊరుకోండి" అన్నారు. గొలుసును చిన్న డబ్బాలో పెట్టి, అలవాటు ప్రకారం లేచి అరుగు మీదికి వెళ్ళారు. అక్కడ కూర్చుని అడుగున రాసి తెచ్చి నా చేతిలో పెట్టారు. తీసుకుని తల దించుకున్నాను.

విచారణ

మర్నాడు పదకొండు గంటలకి. ఫోనుకి సిగ్నలు కొట్లో ఒక్క మూలే అందుతుంది, కుంపటి పక్కన. ఫోనుని గీటురాయి పెట్టెకి ఆనించాం. ఆయన స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నారు. రాత్రే చెప్పి పెట్టాను: మీరు మాట్లాడకండి, నన్ను మాట్లాడనివ్వండి, అడిగితే 'మేడమ్ చెబుతారు' అనండి.

తెర మీద ఆఫీసరు గారు కనిపించారు, కళ్ళజోడు, ముందు మా ఫైలు. నేను గొంతు సవరించుకునేలోపే ఆయన సూటిగా ఆచారి గారిని అడిగారు.

"ఈ మెయిలు మీరే రాశారా?"

"నేనేనండి."

"బంగారం అనే మాట వద్దని ఎందుకు రాశారు?"

"మేడమ్..." అన్నారు ఆచారి గారు నా వైపు చూసి. మళ్ళీ ఆయనకే మనసొప్పలేదేమో, ఫోను వైపు తిరిగారు. "అది అది కాదు కదండి."

అయిపోయింది, ల్యాబు రిపోర్టు పెట్టుకున్న మనిషి ముందు ఇదా చెప్పేది?

"ల్యాబులో ఉందని వచ్చింది కదా?" అన్నారు ఆఫీసరు గారు.

"ఉందండి. నేను లేదనడం లేదు. పైన రేకుగా ఉంది, కాల్చి నొక్కి అతికించారు. కిందంతా ఇత్తడి. పైన ఉందని మొత్తాన్ని ఆ పేరుతో పిలిస్తే కొన్నవాళ్ళు మునిగిపోతారండి. కింద ఇత్తడి అని మొత్తాన్ని ఇత్తడి అంటే..." ఇక్కడ ఆగారు. "అంటే మీకు తప్పు చెప్పినట్టు. అది ఇప్పుడు తెలిసింది. కొనేవాళ్ళకి ఏది చెప్పాలో మా తాత నేర్పాడు. సర్కారుకి ఏది చెప్పాలో ఎవరూ నేర్పలేదండి. తప్పు నాదే."

ఆఫీసరు గారు కళ్ళజోడు తీశారు. నేను తయారు చేసుకున్న ఆరు పేజీల జవాబు ఒళ్ళో ఉంది. ఇది బంగారం కాదు, ఉత్త ఇత్తడీ కాదు, ఇత్తడి మీద రేకుగా అతికించిన బంగారం. పుస్తకంలో ఏడు వేల నూట తొమ్మిది చెప్పేది సరిగ్గా ఇదే. ఆరు పేజీల్లో నేను చెప్పలేనిది ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశారు.

"సార్, ఆయన చెప్పిందే మా జవాబు" అన్నాను. ఆ మూడు డబ్బాలూ ఒక్కొక్కటే బోర్లించి ఫోనుకి చూపించాను. తగరపు డబ్బీ దగ్గర, "కాస్త వెలుతురులోకి తిప్పండి" అన్నారు ఆఫీసరు గారు. చదివారు. గుమ్మం మీది గాజుల సంగతి నేను చెబితే వాటినీ చూపించమన్నారు. తర్వాత ఒకటే చెప్పారు: "సరుకు వర్ణన సరిగ్గా, మీ చేతిరాతతో రాసి పంపండి. చూస్తాను."

ఫోను ఆగింది. నేను కాగితం, కలం ఇచ్చి చెప్పాను: బంగారు రేకు అతికించిన ఇత్తడి పట్టీ, ఇంకా నగగా చేయనిది. ఆచారి గారు కలం పట్టుకుని కుంపటి వంక, గాజుల వంక చూశారు. తర్వాత లేచి, గుమ్మం దాటి, అరుగు మీద ఎండలో కూర్చుని రాశారు. రమణమ్మ గారు పూసలు పక్కన పెట్టి పక్కకెళ్ళి నిలబడ్డారు, కాగితం మీద నీడ పడేలా.

నేను ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకి ఆర్డరు వచ్చింది. దాచే ఉద్దేశం కనిపించలేదు, సరైన నంబరు కింద సుంకమూ, తప్పుగా రాసినందుకు చిన్న జరిమానా కట్టి సరుకు తీసుకెళ్ళవచ్చని. నేను ఫోను చేసి 'దాచే ఉద్దేశం లేదు' అన్న వాక్యం చదివాను. ఆచారి గారు ఇంకోసారి చదవమన్నారు. చదివాను. రమణమ్మ గారికి వినిపించాలని మూడోసారి కూడా చదివించారు.

మళ్ళీ పొన్నూరు

తిరుగుదారిలో డబ్బాలు ఇవ్వడానికి పొన్నూరులో దిగాను. కోటేశ్వరమ్మ గారు కొట్లోనే ఉన్నారు. జరిగిందంతా చెబితే, కొనడానికి వచ్చినవాళ్ళని కూడా ఆపి వినిపించారు.

"మా ఆచారి మాట్లాడాడా! వాడు పెళ్ళిలో కూడా నోరు విప్పలేదు" అని మురిసిపోయారు. సంచి తీసుకుని డబ్బాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టుకున్నారు. తగరం. చెక్క. ప్లాస్టిక్. ఇంకొకటి.

"నేను మూడేగా ఇచ్చింది. ఈ నాలుగోది ఎవరిది?"

ఆ డబ్బాను విడిగా చేతిసంచిలో పెట్టుకోవలసింది. మర్చిపోయాను. కొట్లో నలుగురున్నారు. ఎవరో ఇచ్చారని చెప్పొచ్చు, ఆచారి గారు బహుమతిగా ఇచ్చారని చెప్పొచ్చు. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ సరుకులకి సరైన పేర్లు పెట్టినదాన్ని, అన్ని పేర్లూ నోటి దగ్గరే ఉన్నాయి.

"నాదండి" అన్నాను. "ఆ రోజు మూడు కాసులని చెప్పాను. అబద్ధం."

ఆవిడ డబ్బా బోర్లించి, కళ్ళజోడు సర్దుకుని, కొత్త సిరాతో రాసిన ఆ మూడు మాటలూ పైకే చదివారు. మూత తీసి గొలుసు బయటికి తీశారు.

"యాభై ఏళ్ళుగా ఇవే వేసుకుంటున్నదాన్ని. నువ్వు పీట మీద కూర్చోకముందే తెలుసు నాకు" అన్నారు.

"మరి అడిగారెందుకండి?"

"చెబుతావేమోనని."

నన్ను దగ్గరికి పిలిచి, వెనక్కి తిప్పి, గొలుసు తన చేత్తోనే నా మెడలో వేసి కొక్కెం పెట్టారు. ఆచారి గారు అతికిన చోట గోటితో నొక్కి చూసి, గట్టిగానే ఉందన్నారు. తర్వాత సంచీడు బియ్యం నా చేతిలో పెట్టి, కొట్టు దాటి రోడ్డు మీదికి వినిపించేలా అరిచారు.

"బస్సులో జాగ్రత్తమ్మా! మూడు కాసులు!"